శిబి తక్కెడ

శిబి చక్రవర్తి కథ వినని తెలుగు బాలుడుండడు. డేగ తరుముకొని రాగా పావురమొకటి ఎగసివచ్చి రాజు ఒడిలో వ్రాలినది. శరణన్న ప్రాణిని విడువనని రాజు పలికినాడు. బడిలో కథ చెప్పు పంతులుగారు సాధారణముగా ఇక్కడ కొంచెము ఆగి, భూతదయను గురించి నాలుగు మంచి మాటలు చెప్పుదురు. పిల్లలు పావురమును తలచుకొని సంతోషింతురు. కాని కథలోని అసలు చిక్కు ఆ తరువాతనే ఉన్నది. డేగ రాజు ఎదుట నిలిచి న్యాయమడిగినది. తన నోటి ముందరి ఆహారమును లాగుకొని దయాళువనిపించుకొనుట ఏపాటి ధర్మమని, తానును తన పిల్లలును పస్తుండి చావవలెనా అని దాని ప్రశ్న. శిబి ఆ ప్రశ్నను త్రోసిపుచ్చలేదు. డేగను క్రూరపక్షియని నిందించి తరిమివేయలేదు. ఊరిలో ఎవడో ఒకడు దాని ఆకలి తీర్చవలెనని ఉత్తరువు వేయలేదు. తక్కెడ తెప్పించి, ఒక పళ్లెములో పావురమును ఉంచి, రెండవ పళ్లెములో తన తొడ కండ కోసి వేసినాడు. దయ చూపినవాడే ఆ దయకైన ఖర్చును భరించినాడు. ఈ రెండవ పళ్లెము లేకున్నచో శిబి కథ ఇన్ని తరములు నిలిచి యుండెడిది కాదు.

వన్యప్రాణి సంరక్షణ పేర నేడు లోకమున జరుగుచున్న కార్యమునకు ఈ కథ చక్కగా అతుకుచున్నది. పాత్రలు మాత్రము మారినవి. ఇప్పుడు శరణు వేడు ప్రాణి పులి, ఏనుగు, రాబందు. అభయమిచ్చువారు ప్రభుత్వమును, దాని ప్రక్కన నిలిచిన దాతయు. డేగ స్థానములో నిలిచి తన నోటి కూటిని గురించి అడుగుచున్నవారు అడవి అంచున సేద్యము చేయు రైతు, అడవిలో పుట్టి పెరిగిన చెంచు, పశువుల కాపరి. రెండవ పళ్లెములో కండ పడుచునే ఉన్నది. కాని అది అభయమిచ్చినవాని కండ కాదు, న్యాయమడిగినవాని కండయే.

ఏటేట అక్టోబరు 2 మొదలు 8 వరకు బడులలో వన్యప్రాణి వారోత్సవము జరుగును. వ్యాసరచనలో, చిత్రలేఖనములో పోటీలు పెట్టుదురు. పులిని ఎందుకు కాపాడవలెనన్న ప్రశ్నకు పిల్లలు చక్కని సమాధానములు వ్రాయుదురు. దాని ఖర్చు ఎవరు పెట్టుకొనవలెనన్న ప్రశ్నను ఇచ్చుట మాత్రము అరుదు. పెద్దలకును ఆ ప్రశ్న అంతగా రుచింపదు. అయినను రాబోవు ఇరువది ముప్పది యేండ్లలో అడవి నిలుచునా, నశించునా అన్నది చాలవరకు దాని మీదనే ఆధారపడి యున్నది. ధనవంతులు ఇచ్చు దానమునకు అందులో ఎంత చోటున్నదో, ఎట్టి చోటున్నదో విచారింపవలసి యున్నది.

దానము తెలుగువారికి క్రొత్త కాదు. కొడుకు, చెరువు, కృతి, నిధి, గుడి, వనము, అగ్రహారము - ఈ ఏడింటిని సప్తసంతానములని పెద్దలు లెక్కించినారు. చెరువు త్రవ్వించిన వానిని, తోట వేయించిన వానిని బిడ్డను కన్నవానితో సమానముగా చూచినారు. గోదావరి లంకలలో బాటసారులకు వేళ అనక, గోళ అనక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారిని అపర అన్నపూర్ణ అని నేటికిని కొనియాడుచున్నారు. కాని సప్తసంతానములలో చెప్పిన వనము మామిడితోట, పూలతోట వంటిది, అరణ్యము కాదు. అరణ్యమునకు దాత అక్కరలేకపోయినది. అది వాన వలె, గాలి వలె దానంతట అది ఉండునని అందరును తలచినారు. అడవికి చందా వేయవలసిన రోజు వచ్చునని ఆనాటి దాతలకు కలలో కూడ తోచి ఉండదు.

అడవిని ప్రత్యేకించి కాపాడిన శ్రీమంతులు పూర్వము లేకపోలేదు. వారిలో పలువురు తమ వేట కొరకు కాపాడినారు. రాజస్థానములోని భరతపురము సంస్థానము బాతుల వేటకు పేరు పొందినది. 1938వ సంవత్సరము నవంబరు నెలలో, వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు అతిథిగా వచ్చిన నాడు, ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చి పడగొట్టినారు. సిగ్గుపడవలసిన ఆ లెక్కను రాతి మీద చెక్కించినారు కూడ. చిత్రమేమనగా ఆ నీటి మడుగులే నేడు కేవలాదేవ్ జాతీయోద్యానమై దేశదేశముల పక్షిప్రియులకు యాత్రాస్థలమైనవి. గిర్ అడవిలోని సింహములును జునాగఢ్ నవాబులు పెట్టిన ఆంక్షల వలననే ఆనాడు కొన్నియైనను మిగిలినవి. ఒక మనిషి అభిరుచి వలన ఒక జాతి బ్రతికినది. ఆ అభిరుచి మరొక దారి పట్టియుండినచో ఆ జాతి గతి ఏమై ఉండెడిదో ఊహించుట కష్టము కాదు. దాతల మీద ఆధారపడుటలో నాడును నేడును ఉన్న అపాయమిదియే.

సామాన్యుల చందాలతో అడవి జంతువులను కాపాడు పద్ధతికి బలము చేకూరినది 1961లో. ఆ యేడు ప్రపంచ వన్యప్రాణి నిధి అను సంస్థ ఏర్పడినది. ఇంగ్లండులో ఒక దినపత్రిక ఖడ్గమృగము బొమ్మను మొదటి పేజీలో పెద్దదిగా వేసి, ఇది నశించిపోవుచున్నదని చాటగా, పాఠకులు 60,000 పౌనుల వరకు పంపినారట. పులుల సంఖ్య మన దేశములో 1972 నాటి లెక్కలో 1,827కు దిగినప్పుడు, ఈ సంస్థయే పది లక్షల డాలర్లు పోగుచేసి ఇచ్చుటకు పూనుకొన్నది. 1973 ఏప్రిలు 1వ తేదీన తొమ్మిది అభయారణ్యములతో పులుల రక్షణ పథకము ప్రారంభమైనది. 2022 లెక్క ప్రకారము దేశములోని పులుల సగటు అంచనా 3,682. ఆ పది లక్షల డాలర్లే పులిని బ్రతికించినవని ఎవరైన అన్నచో అది అతిశయోక్తి. అర్ధశతాబ్దము పాటు కాపలాదారుల జీతములు, గస్తీ బండ్లు, ఊళ్లను తరలించు ఖర్చులు, చట్టము అమలు - ఈ భారమంతయు ముఖ్యముగా ప్రభుత్వ ధనాగారమే మోసినది. దాత ఇచ్చినది తొలి త్రోపు. బండి కదలనప్పుడు ఆ త్రోపు విలువ తక్కువది కాదు. అయినను త్రోసినవాడే బండిని లాగినాడనరాదు.

ఇప్పటి అంకెలు చూచినచో సంగతి మరింత స్పష్టమగును. 2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్ నగరమున దేశములన్నియు కూడి జీవజాతుల రక్షణకై ఒక ఒప్పందము చేసికొన్నవి. ప్రకృతి రక్షణకు అవసరమైన ధనమునకును, చేతిలో ఉన్న ధనమునకును నడుమ లోటు ఏటికి 70,000 కోట్ల డాలర్లని అందులో అంగీకరించినారు. 2030 నాటికి అన్ని మార్గములలో ఏటికి 20,000 కోట్ల డాలర్లు కూడదీయవలెనని గురి పెట్టుకొన్నారు. దీని ప్రక్కన దాతల వాగ్దానములను నిలిపి చూడవలెను. 2021లో తొమ్మిది మహాసంస్థలు కలిసి, భూమిలోను సముద్రములోను నూటికి ముప్పది పాళ్లు కాపాడుటకై పదేండ్లలో 500 కోట్ల డాలర్లు ఇత్తుమని ప్రకటించినవి. ఎంత గొప్ప దానము! అయినను పదేండ్ల దానమును ఒక్క ఏటి లోటుతో పోల్చినచో నూటికి ఒక పాలు కూడ కాలేదు. 2025లో అమెరికా ప్రభుత్వము తన విదేశసహాయ సంస్థను మూసివేయగా, ఆ ధనముతో నడచుచుండిన సంరక్షణ కార్యములు పలు దేశములలో ఆగిపోయినవి. ఆ ఖాళీని దాతలు పూరింతురని కొందరు వెంటనే ఆశపడినారు. చెంబెడు నీళ్లతో చెరువు నిండునని ఆశపడుటయే అది. ప్రభుత్వములు తప్పుకొన్న చోట దాతను నిలబెట్టుట దాతకును న్యాయము కాదు, అడవికిని మేలు కాదు.

మరి చెంబెడు నీళ్లు ఎందుకు పనికివచ్చును? నారుమడికి పనికివచ్చును. రాబందుల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము. సీత కొరకు రెక్కలు తెగిన జటాయువును తలచుకొని లేపాక్షికి ఆ పేరు వచ్చినదని జనులు చెప్పుకొను దేశము మనది. అట్టి దేశములో 1990 తరువాత కొద్ది యేండ్లలోనే ఆకాశమున రాబందులు కనబడకుండ పోయినవి. తెల్లవీపు రాబందులు 1992, 2007ల నడుమ వెయ్యింటికి ఒక్కటి వంతున మిగిలినవని పరిశీలకులు తేల్చినారు. ఊరి వెలుపల చచ్చిన గొడ్లు కుళ్లిపోవుచుండగా కుక్కలు పెరిగినవి. ఏదో అంటువ్యాధి అని పలువురు అనుకొన్నారు. ఏ ప్రభుత్వ శాఖకును రాబందు చావు అత్యవసర విషయముగా తోచలేదు. దానికి వోటు లేదు, అందము అంతకన్న లేదు.

ఆ స్థితిలో కారణమును వెదకి పట్టినది డేగజాతి పక్షుల రక్షణకై చందాలతో నడచు పెరెగ్రిన్ ఫండ్ అను అమెరికా సంస్థ. దాని శాస్త్రజ్ఞులు పాకిస్థానములోని పంజాబులో చనిపోయిన రాబందులను కోసి చూచినారు. మూత్రపిండములు చెడి, లోపలి అవయవముల మీద సున్నము పూసినట్లు తెల్లని పొర కట్టియున్నది. విషము కొరకు, రోగక్రిమి కొరకు వెదకి వేసారి, తుదకు పశువులకు నొప్పి తగ్గుటకు ఇచ్చు డైక్లోఫినాక్ అను మందు దీనికి మూలమని 2003లో కనుగొన్నారు. 2004లో శాస్త్రపత్రికలో ప్రకటించినారు. ఆ మందు తిన్న పశువు చచ్చినచో, దాని మాంసము తిన్న రాబందు కొద్ది దినములలో చచ్చును. రైతు తప్పు లేదు. కుంటుచున్న ఎద్దు బాధ చూడలేక వేసిన మందు అది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను మరొక మందు ఉన్నదని పరీక్షలలో తేలినది. భారత ప్రభుత్వము 2006లో డైక్లోఫినాక్‌ను పశువైద్యము నుండి నిషేధించినది. ఇక్కడ పనిచేసిన వరుసను గమనింపవలెను. చందా ధనము ఎవరును అడుగని ప్రశ్న అడిగినది. శాస్త్రము జవాబు చెప్పినది. చట్టము చేయవలసినది ప్రభుత్వము చేసినది. రైతుకు బదులు మందు దొరికినది గనుక అతని ఎద్దు నొప్పికిని ఉపాయము మిగిలినది. దానమునకు ఇంతకన్న తగిన పని కనబడదు. అయినను రాబందు బొమ్మ మీద చందా వసూలు చేయుట ఎంత కష్టమో ఆ పని చేసినవారిని అడుగవలెను. పులిపిల్లను చూపినచో జేబులోనికి చేయి తానుగా పోవును.

ఈ చిక్కు మన ఇంటనే ఉన్నది. కడప జిల్లా పొదలలో తిరుగు కలివికోడిని ఎందరు ఎరుగుదురు? శాస్త్రజ్ఞులు 1848లో దానిని వర్ణించినారు. 1900 తరువాత అది కనబడక, నశించినదనుకొన్నారు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారు స్థానికుల సాయముతో దానిని తిరిగి కనుగొన్నారు. రాత్రివేళ అడవిలో తిరుగుటకు అలవాటుపడిన ఊరివారి తెలివి లేనిదే ఆ పని కాకపోయెడిది. కలివి పొదలలో తిరుగు ఆ పక్షి కొరకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తెలుగుగంగ కాలువకు దారి కూడ మార్చవలసి వచ్చినది. గోధుమరంగులో ఉండి, రాత్రి మాత్రమే తిరుగు ఈ పిట్టకు కంపెనీల ప్రకటనలలో చోటు దొరకదు. దాతకు నచ్చిన జంతువే బ్రతుకవలెనన్నచో అడవి త్వరలో పులులు, ఏనుగులు గల ప్రదర్శనశాలగా మిగులును.

ధనవంతుల దానము మీద మరొక ఆక్షేపణ కలదు. దానిని తేలికగా కొట్టివేయరాదు. ఏ ఎన్నికలోను నిలబడని మనిషి వేలకొలది ఎకరములకు ధర్మకర్తయై, అక్కడ ఎవరు మేకలు మేపవలెనో, ఎవరు కట్టెలు ఏరుకొనవలెనో నిర్ణయించుట ఏమి ప్రజాస్వామ్యము? పైగా అతడిచ్చు ధనము కొన్నిచోట్ల గనుల నుండి, నూనె బావుల నుండి వచ్చినదే. సాలీం అలీ గారికి 1976లో లభించిన బహుమానము జె. పాల్ గెట్టీ అను నూనె కోటీశ్వరుని పేరిటిది. దానిని ఆయన పక్షుల రక్షణకు మూలధనముగా మార్చినాడు. ధనము ఎక్కడి నుండి వచ్చినదన్న విచారము అవసరమే. ఎవరి చేతిలో పడినదన్న విచారము దానికి తక్కువది కాదు.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున డగ్లస్ టాంప్‌కిన్స్ అను అమెరికా వర్తకుని కథ ఈ ఆక్షేపణకు అటు నిదర్శనముగాను, ఇటు సమాధానముగాను ఉన్నది. దుస్తుల వ్యాపారములో గడించిన ధనముతో అతడు 1991 మొదలు అక్కడి అడవులను కొనసాగినాడు. కొన్న భూమి కొండల నుండి సముద్రము వరకు వ్యాపించుటతో, విదేశీయుడు దేశమును రెండుగా చీల్చుచున్నాడని రాజకీయులు, సైనికాధికారులు అలజడి చేసినారు. ఆ అనుమానము పూర్తిగా అకారణమనుటకు వీలులేదు. పరాయివాడు వచ్చి కొండలు కొనుచున్నప్పుడు ఏ దేశస్థుడు ఊరకుండును? అనుమానమును తీర్చినది మాటలు కాదు, అప్పగింత. అతడు 2015లో మరణించిన తరువాత, భార్య క్రిస్ టాంప్‌కిన్స్ 2018 జనవరిలో సుమారు పది లక్షల ఎకరములను చిలీ ప్రభుత్వమునకు ఉచితముగా వ్రాసి ఇచ్చినది. ప్రభుత్వము తన వంతుగా దానికి దాదాపు తొంబది లక్షల ఎకరములు కలిపి జాతీయోద్యానములు చేసినది. దాత తన పేరిట ఉంచుకొన్నంత కాలము అది ఎస్టేటు. ప్రజలకు అప్పగించిన నాడు దానము. ఇచ్చి పట్టుకొని కూర్చున్న దానిని మన ఊళ్లలో దానమనరు.

కాని చిలీ కథలో డేగ పాలు చిన్నది. అక్కడ జనము పలుచన. జనసమ్మర్దము గల పేదదేశములో ఏమి చేయవలెనన్న ప్రశ్నకు ఆఫ్రికాలోని మొజాంబిక్ కొంత దారి చూపినది. ఆ దేశములో 1977 నుండి 1992 వరకు అంతర్యుద్ధము జరిగినది. గొరొంగోసా అను అడవిలోని పెద్ద జంతువులలో నూటికి తొంబదికి పైగా నశించినవి. సైనికులు తిన్నవి కొన్ని, దంతములకై చంపినవి కొన్ని. టెలిఫోను యంత్రముల వ్యాపారములో ధనికుడైన గ్రెగ్ కార్ అను అమెరికావాడు 2004లో ఆ ప్రభుత్వముతో చేయి కలిపినాడు. 2008లో ఇరువది యేండ్లకు ఒప్పందము కుదిరినది; 2018లో దానిని మరి ఇరువదియైదేండ్లు పొడిగించినారు. భూమి అతనిది కాదు, దేశముదే. ధనమును జంతువుల మీద మాత్రమే వెచ్చింపలేదు. చుట్టుప్రక్కల ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు, ఆడపిల్లల చదువు, కొండవాలులో కాఫీ తోటలు - ఇవి అన్నియు అడవి లెక్కలోనే వేసినారు. 2019 మార్చిలో పెనుతుపాను వచ్చినప్పుడు అడవి కాపలాదారులే ఊళ్లకు అన్నము మోసికొని పోయినారు. శిబి తక్కెడలోని రెండవ పళ్లెమును తెలిసి నింపిన దాత ఇతడు. మూడేండ్ల చందా ఇచ్చి, నాలుగవ యేట ఫొటోలు అచ్చువేసి వెళ్లిపోవు దాతలు ఈ కాలావధిని గమనింపవలెను. అడవి చెట్టుకు ఆర్థిక సంవత్సరము తెలియదు.

ఇక మన నేల. చిత్తూరు జిల్లా కుప్పము, పలమనేరు ప్రాంతములకు తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగులు 1980 దశకములో వచ్చినవి. అంతకు ముందు చాల కాలముగా ఆంధ్ర అడవులలో ఏనుగు లేదు. కౌండిన్య అభయారణ్యము 1990లో ఏర్పడినది. ఏనుగు తిరిగి వచ్చుట దేశమునకు గర్వకారణమని పట్టణములలో అన్నారు. కౌండిన్య అంచున చెరకు, వరి, అరటి వేసిన రైతు ఆ గర్వములో పాలు పంచుకొన్నాడో లేదో గాని, పంట పోవుటలో మాత్రము అతని పాలు పూర్తిగా అతనిదే. ఒక్క రాత్రిలో ఆరు నెలల కష్టము కాళ్ల క్రింద పడును. మంచె మీద కాపలా ఉన్న మనిషి ప్రాణము పోయిన సందర్భములు కూడ కలవు. ప్రభుత్వ పరిహారము లేకపోలేదు. దానికి దరఖాస్తు, పట్టా నకలు, ఫొటో, పంచనామా, అధికారి సంతకము కావలెను. అవి చేకూరి డబ్బు వచ్చులోపల అప్పు వడ్డీ పెరుగుచునే ఉండును.

ఇట్టి చోట కొద్దిపాటి దానము ఎంత పని చేయునో పొరుగు రాష్ట్రమున చూడవచ్చును. కర్ణాటకములోని బందీపురము, నాగరహొళె అడవుల చుట్టునున్న ఊళ్లలో 2015 నుండి ఒక స్వచ్ఛంద సంస్థ ఉచిత ఫోను నంబరు ఇచ్చి, ఏనుగు పంట తొక్కినను, పులి పశువును చంపినను కబురంపుడనుచున్నది. దాని మనుష్యులు వచ్చి నష్టమును కొలిచి, దరఖాస్తు నింపి, కాగితములు కూర్చి ప్రభుత్వమునకు పంపుదురు. పరిహారమును దాతలు ఇయ్యరు. ప్రభుత్వము ఇయ్యవలసిన దానిని రైతు చేతికి చేర్చుటకు మాత్రము దాతల ధనము ఖర్చగుచున్నది. ఉత్తరమున కార్బెట్ అడవి ప్రక్క మరొక పద్ధతి ఉన్నది. పులి ఆవును చంపిన వెంటనే స్వచ్ఛంద సంస్థలు పశువు యజమానికి కొంత మధ్యంతర సాయము ముట్టచెప్పుదురు. ఇది కేవలము కరుణ కాదు. కడుపు మండిన యజమాని ఆ కళేబరమునకు విషము పూసినచో తిరిగివచ్చు పులి, దానితో పిల్లలు, నక్కలు, గ్రద్దలు అన్నియు చచ్చును. సకాలమున అందిన కొద్ది రూపాయలు ఆ విషపు సీసాను అడ్డుకొనుచున్నవి. పులి పేర పెద్ద మందిరము కట్టించుట కంటె ఈ చిల్లర ఖర్చు పులికి ఎక్కువ ఆయుర్దాయము పోయును.

దాతలని పేరు పడని దాతలు మరి కొందరు ఉన్నారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీద, శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో ఊరి చెట్ల మీద గూడబాతులు, రంగుల కొంగలు వచ్చి గూళ్లు కట్టుచున్నవి. వీటిని సైబీరియా నుండి వచ్చిన విదేశీ అతిథులని పత్రికలు ఏటేట వ్రాయుచుండును. నిజమునకు ఈ రెండును మన దేశపు పక్షులే. అవి వచ్చినచో ఊరికి మంచిదని గ్రామస్థుల నమ్మకము. కొమ్మ నరకరు, టపాకాయ కాల్చరు, రెట్టల వాసన ఓర్చుకొందురు. కర్ణాటకములోని కొక్కరె బెళ్లూరులో అయితే గూళ్లున్న చింతచెట్ల ఫలసాయమును వదలుకొన్న రైతులకు అటవీశాఖ కొంత పైకము ఇచ్చు ఏర్పాటు చేసినది. వదలుకొన్న చింతపండు విలువను లెక్క కట్టి ఇచ్చుట వలన ఊరివారి ఔదార్యము తగ్గిపోయినదని ఎవరును అనలేదు. ఈ దేశములో వన్యప్రాణులకు అందరికంటె ఎక్కువ విరాళమిచ్చినవారి పట్టీ నిజముగా తయారుచేసినచో, అందులో మొదటి పేర్లు ఇట్టి ఊళ్లవే.

ఆ పట్టీ వ్రాయువారు మాత్రము పట్టణములలో ఉన్నారు. 2013 కంపెనీల చట్టము ప్రకారము ఒక స్థాయికి మించిన కంపెనీలు గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఆ కార్యముల జాబితాలో వృక్షములు, జంతువులు కూడ ఉన్నవి. చట్టము అడిగి తీసికొన్నది దానమగునా అన్న వాదమును పండితులకు విడువవచ్చును. ధనము మాత్రము ఉన్నది. 2006 సవరణ తరువాత ప్రతి పులుల అభయారణ్యమునకును విరాళములు స్వీకరింపగల ఫౌండేషను ఏర్పాటునకు చట్టములో చోటు కల్పించినారు. నాగార్జునసాగరము - శ్రీశైలము, అమ్రాబాదు, కవ్వాలు - మూడు పులుల అడవులు తెలుగు రాష్ట్రములలో ఉన్నవి. దాతలు దారి అడిగినచో అక్కడ చూపదగిన పని ఒకటి కలదు.

ప్రతి అడవి అంచున ఒక తిరుగు నిధిని ఉంచవలెను. పంట పోయినట్లు, పశువు చచ్చినట్లు రుజువైన వారము రోజులలో ఆ నిధి రైతుకు పరిహారము చెల్లించును. ప్రభుత్వ పరిహారము మంజూరైనప్పుడు ఆ సొమ్ము నిధికి తిరిగి చేరును. అదే రూపాయి మరొక రైతు గుమ్మమునకు పోవును. ప్రభుత్వము తన బాధ్యతను దాతల మీదికి నెట్టుటకు ఇందులో సందు లేదు. ఆలస్యమును మాత్రమే దాత కొనుచున్నాడు. ఏ యేట ఎంత సొమ్ము ఎన్ని నెలలు ఆలస్యమైనదో నిధి పుస్తకములో దానంతట అది తేలును. శాసనసభలో అడుగదలచినవారికి ఆ పుస్తకమే చాలును. అడవి లోపల ఉన్న చెంచుపెంటలలో పరిహారము కంటె పని ముఖ్యము. కాపలా పనిలో, జాడలు తీయు పనిలో వారికి ఏడాది పొడుగున జీతమిచ్చుటకు దీర్ఘకాలపు దానము కావలెను.

తిరుగు నిధిని మొదట పరీక్షించుటకు పులుల అడవి కూడ అక్కరలేదు. కౌండిన్య అంచున ఉన్న పదిపన్నెండు ఊళ్లు చాలును. అక్కడ ప్రతి ఊరికిని చేరువలో ఉన్నత పాఠశాల ఒకటి ఉన్నది. ఏనుగులు వచ్చిపోయిన మరునాటి ఉదయము టేపు పట్టి, తొక్కిన మడి పొడవు వెడల్పులు కొలిచి, సెంట్లలోనికి మార్చుట ఎనిమిదవ తరగతి లెక్క. సర్వే నంబరు, పంట పేరు, నాటిన తేదీ, నష్టపోయిన విస్తీర్ణము వ్రాసి, రైతు వేలిముద్ర ప్రక్కన సాక్షి సంతకము పెట్టించి పంపుట తెలుగు వ్రాయనేర్చిన విద్యార్థికి గంట పని.